చదివి వినిపించగా విని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   అధ్యక్షులవారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నా వృత్తి తెలిసినవాళ్ళ మొహాల్లో కొంచెం భయం కనిపిస్తోంది. దస్తావేజు లేఖరి చేతికి మైకు ఇస్తే "ఏమనగా" అని మొదలుపెట్టి, నాలుగు పేజీలు దాటితే గానీ ఫుల్‌స్టాప్ పెట్టడని మీ భయం. ఇవాళ అంత పని చెయ్యనులెండి.

పొద్దుటి నుంచీ ఇక్కడ డాక్టర్లు మాట్లాడారు, ఇంజనీర్లు మాట్లాడారు, డాలస్ నుంచి వచ్చిన మన తమ్ముడు మాట్లాడాడు. నేను ఈ ఊరు దాటి వెళ్ళలేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని ముప్పై ఎనిమిదేళ్ళు పరాయివాళ్ళ ఆస్తుల గురించి రాశాను. విక్రయాలు, తనఖాలు, భాగపరిష్కారాలు, దాన సెటిల్‌మెంట్లు, వీలునామాలు. కాబట్టి రచన గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. రాసినదాన్ని పైకి చదువుకోవడం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను. మా వృత్తిలో రాయడం సగం పనే. చదివి వినిపించడం మిగతా సగం.

మీలో ఇల్లో పొలమో కొన్నవాళ్ళు ఇంటికెళ్ళాక పాత దస్తావేజు ఆఖరి పేజీ ఒకసారి చూడండి. ఇది చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని సంతకం చేశానని చాలావాటిలో ఉంటుంది. వేలిముద్ర వేసినవారి కాగితాల్లో తప్పకుండా ఉంటుంది. అదేదో అలంకారానికి పెట్టిన మాట అనుకుంటారు అందరూ. కాదు. కోర్టుల్లోనూ ఇదే పద్ధతి. మొన్న 2024 జులై దాకా అమల్లో ఉన్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 278వ సెక్షన్ అని ఒకటి ఉండేది. సాక్షి చెప్పింది రాసుకోవడం పూర్తయ్యాక, ముద్దాయి ఎదటగానీ అతని ప్లీడరు ఎదటగానీ దాన్ని సాక్షికి చదివి వినిపించాలి, అవసరమైతే దిద్దాలి అని అందులో ఉంది. సాక్షి "నేనలా అనలేదు" అంటే, జడ్జిగారు దిద్దడానికి బదులు ఆ అభ్యంతరాన్నయినా రాసి పెట్టవచ్చు. అంటే ఏమిటి? రాత ఎంత పెద్దవాడు రాసినా, చెవికి ఒకసారి చూపించాకే అది పూర్తయినట్టు లెక్క అని చట్టమే ఒప్పుకుంది.

మా దగ్గర దీనికి ఇంకో కారణం కూడా ఉండేది. స్టాంపు కాగితం మీద ఒకసారి రాశాక దిద్దడం తేలిక కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం కొట్టివేత ఉన్నా, ఖాళీ వదిలినా, పంక్తుల మధ్య ఇరికించి రాసినా, దాని పక్కన రాసి ఇచ్చినవారు సంతకమో పొడి అక్షరాలో పెట్టాలి. లేకపోతే రిజిస్ట్రారు తీసుకోనని చెప్పవచ్చు. అందుకని ముందు చిత్తు రాసుకుని, దాన్ని పైకి చదివి, అన్నీ సరిపోయాకే స్టాంపు కాగితం ముట్టుకునేవాళ్ళం. కంప్యూటర్ వచ్చాక ఈ భయం పోయింది. ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. దిద్దుకోవచ్చు గనక చిత్తును ఎవరూ చదవడం లేదు. ఇది నా గొణుగుడు, సభ వారు మన్నించాలి.

ఇప్పుడు అసలు సంగతి. పైకి చదివితే దొరికేది ఏమిటి?

మొదట దొరికేది కన్ను దాచిపెట్టిన తప్పు. మనం రాసినదాన్ని మనం మనసులో చదువుకుంటే కాగితం మీద ఉన్నది చదవం. మన తలలో ఉన్నది చదువుతాం. "కి" పడకపోయినా పడినట్టే కనిపిస్తుంది. ఒకే మాట రెండుసార్లు పడినా ఒకటిగానే కనిపిస్తుంది. హద్దులు రాసేటప్పుడు ఇది మరీ ప్రమాదం. తూర్పున ఫలానావారి స్థలం, దక్షిణాన ఫలానావారి స్థలం, పడమర ఫలానావారి స్థలం అని వరసగా వస్తాయి. ప్రతి పంక్తీ "స్థలం" అనే ముగుస్తుంది. ఎత్తి రాసేవాడి కన్ను ఒక "స్థలం" మీద నుంచి కింది పంక్తిలో ఉన్న "స్థలం" మీదకి దూకుతుంది. మధ్యలో ఒక దిక్కు ఎగిరిపోతుంది. తాళపత్రాలు ఎత్తి రాసిన లేఖకులకూ ఈ బాధ ఉండేది. కన్ను దూకినట్టు నోరు దూకలేదు. తూర్పు, దక్షిణం, ఉత్తరం అని పలికేసరికి పక్కన కూర్చున్న రైతే "పడమర ఏదండీ?" అని అడుగుతాడు.

అంకెలూ అంతే. విస్తీర్ణం "య. 0.42" అని ఉండవలసిన చోట చుక్క జారితే నలభై రెండు సెంట్లు నలభై రెండు ఎకరాలైపోతుంది. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, వంద సెంట్లయితే ఎకరం. కన్ను అంకెను బొమ్మలా చూసి దాటిపోతుంది. "నలభై రెండు ఎకరాలు" అని నోటితో అన్నప్పుడు, అన్నవాడే ఉలిక్కిపడతాడు. పూర్వం ప్రెస్సుల్లో ఒకరు రాతప్రతి పైకి చదువుతూ ఉంటే ఇంకొకరు ప్రూఫు చూసేవారు. మేమూ అదే చేసేవాళ్ళం. చదివేవారు ఒకరు, కాగితం మీద వేలు పెట్టి చూసేవారు ఒకరు.

ఇవి చిన్న తప్పులు. రెండో రకం దొరకడం కష్టం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా. అది వచ్చేదాకా వినేవాడు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి. మా దస్తావేజు వాక్యం ఎలా నడుస్తుందో వినండి. "నా తండ్రిగారి వలన నాకు సంక్రమించి, నేటి వరకు నా స్వాధీనానుభవంలో ఉండి, ఏ విధమైన తాకట్టులకు లోనుగాకుండా, నా కుటుంబ అవసరాల నిమిత్తం అమ్మదలచి, మీరు కొనుటకు అంగీకరించగా..." ఇంకా అయిపోలేదు, నేనే ఆపేశాను. సంక్రమించింది పొలం. ఉన్నదీ పొలమే. అమ్మదలచింది మనిషి. అంగీకరించింది ఇంకో మనిషి. ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారు అసమాపక క్రియ అని బోర్డు మీద రాసి, "ఇది రైలు పెట్టెను పెట్టెకు తగిలించే కొక్కెం లాంటిదిరా, ఎన్నయినా తగిలించుకోవచ్చు, ఇంజను లాగాలి అంతే" అన్నారు. మా వృత్తివాళ్ళు పెట్టెలు తగిలిస్తూ ఇంజను సంగతి మర్చిపోయారు. ఇలాంటి వాక్యం కాగితం మీద గంభీరంగానే కనిపిస్తుంది. పైకి చదివితే మూడో పంక్తిలో ఊపిరి అందదు. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చెయ్యాలి. ఇంతకంటే పెద్ద వ్యాకరణ సూత్రం నాకు ఇన్నేళ్ళలో అవసరం పడలేదు.

ఇది మాకే కాదు, పెద్ద రచయితలకూ ఉన్న పద్ధతేనట. మా అమ్మాయి చెప్పింది. ఫ్రాన్సులో ఫ్లోబేర్ అని నవలాకారుడు ఉండేవాడు, మదామ్ బొవరీ రాసినాయన. రాసిన ప్రతి వాక్యాన్నీ గట్టిగా అరుస్తూ చదివి పరీక్షించేవాడట. మన సంప్రదాయంలో దీనికి అంత కేకలు అక్కర్లేదు. పద్యం యతి తప్పితే కంటి కంటే ముందు చెవికే తెలుస్తుందని ఈ బడిలో చదివిన అందరికీ తెలుసు. యతి తప్పించి చదివినందుకు బెంచీ ఎక్కినవాళ్ళు ఈ సభలోనే నలుగురైదుగురు ఉన్నారు, పేర్లు చెప్పను. వచనానికి కూడా చెవి కావాలని మాత్రం మనకి ఎవరూ చెప్పలేదు.

అయితే ఒక హెచ్చరిక ఉంది. నిజానికి ఇది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను. పైకి చదివితే అన్ని తప్పులూ దొరుకుతాయని అనుకోకండి. ఎలా చదువుతున్నాం, ఎవరు చదువుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక పెద్దావిడ, వెంట చిన్న కొడుకు, నా దగ్గరికి వచ్చారు. ఇల్లు చిన్న కొడుకు పేర సెటిల్‌మెంటు రాసి ఇవ్వాలి. చిత్తు వేరేచోట తయారు చేయించుకుని వచ్చాడు. "గురువుగారూ, అన్నీ ఉన్నాయి, సాపు రాసి పెట్టండి చాలు" అన్నాడు. కొడుకు చెడ్డవాడని కాదు. నలుగురూ రాసుకునే మాదిరే అది. ఎవరు తెచ్చిన చిత్తయినా ముందు చదివి వినిపించడం నా దగ్గర ఆనవాయితీ. ఆ రోజు నేను వేరే కాగితంతో కుస్తీ పడుతున్నాను. అప్పుడే ఇంటర్ పూర్తి చేసి నా దగ్గర పనికి కుదిరిన అమ్మాయి ఒకతె ఉండేది. చదవమ్మా అన్నాను.

ఆ పిల్లకి ఆ భాష కొత్త. అడుగడుక్కీ ఆగుతోంది. "సదరు గృహమును ఈ దినమే మీకు స్వాధీన... స్వాధీనపరచినాను" అని మాట విరిచి, మళ్ళీ కలిపి చదివింది. పెద్దావిడ తల ఎత్తింది.

"స్వాధీనం అంటే ఏంటి తల్లీ?"

"ఇచ్చేశానని మామ్మగారూ."

"ఎప్పుడు?"

"ఈ దినమే అని ఉంది."

ఆవిడ నా వైపు తిరిగి, "అయితే బాబూ, ఇవాళ నేను ఎక్కడ పడుకోవాలి?" అంది.

కొడుకు కంగారు పడ్డాడు. "అది మామూలుగా రాసేదేనమ్మా, నిన్ను వెళ్ళమంటానా?" అన్నాడు. వెళ్ళమనడు, ఆ రోజుకి నిజమే. నేను పని పక్కన పెట్టి ఆవిణ్ణి అడిగాను. బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉంటుంది, ముందు గది అద్దె ఆవిడే తీసుకుంటుంది, తర్వాత ఇల్లు పూర్తిగా కొడుకుది. ఆవిడ మనసులో ఉన్నది ఇది. చిత్తులో ఉన్నది వేరు. జీవితాంతం అనుభవించే హక్కు తనకే ఉంచుకున్నట్టు రెండు వాక్యాలు చేర్చాం, "ఈ దినమే" తీసేశాం. మళ్ళీ ఆ అమ్మాయే చదివింది. ఈసారి ఆవిడ ప్రతి వాక్యానికీ "ఊఁ" కొట్టింది.

మూడో ఏట కొడుకు వ్యాపారం దెబ్బతింది. ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినవాళ్ళు దస్తావేజు చదివి, ముసలావిడ ఉండగా మనకి ఖాళీ దొరకదని వెనక్కి పోయారు. ఆవిడ ఆ తర్వాత ఆరేళ్ళు అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకుంది. కొడుకు నా మీద కొన్నాళ్ళు కోపంగా ఉన్నాడు, ఆనక మామూలుగానే పలకరించేవాడు.

నేను ఆలోచించింది ఇది. ఆ చిత్తు నేనే చదివి ఉంటే ఏమయ్యేది? మా వృత్తిలో చదవడం అంటే ఒక రాగం ఉంది. గుడిలో సంకల్పం చెప్పినట్టు గడగడా సాగిపోతుంది. విన్నవాళ్ళు కాగితం మీద గౌరవం కొద్దీ తల ఊపుతారు. "స్వాధీనపరచినాను" నా నోట్లో ఎక్కడా తగలదు. ఆ పిల్ల నోట్లో తగిలింది గనక మాట విరిగింది, విరిగింది గనక వినబడింది. ఆ రోజు నుంచి చిత్తు రాసినవారు ఆ చిత్తు చదవకూడదని నా బల్ల దగ్గర నియమం పెట్టాను. తడబడేవాళ్ళు చదవాలి. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలు గీత.

రాసినవాడి గొంతు రాసినవాడి పక్షమే. వీలునామాలో "హైదరాబాదులో ఉంటున్న నా పెద్దకొడుకు కూతురికి" అని ఉందనుకోండి. హైదరాబాదులో ఉంటున్నది ఎవరు, కొడుకా, మనవరాలా? కొడుకు హైదరాబాదులో ఉండి, అతనికి ఇద్దరు కూతుళ్ళుండి, ఒకతె పూనాలో ఉంటే, ఆ మాట ఎవరికి చెందుతుంది? రాసినవాడు పైకి చదివితే "ఉంటున్న" దగ్గర చిన్నగా ఆగి, "నా పెద్దకొడుకు కూతురికి" అని ఒక్క గుక్కలో అంటాడు. ఎంతో స్పష్టంగా ఉన్నట్టు ఉంటుంది. ఆ ఆగడం కాగితం మీద లేదు, వాడి గొంతులో ఉంది. వీలునామా చదివేనాటికి ఆ గొంతు ఉండదు. అందుకని మనవరాలి పేరు రాయాలి, తండ్రి పేరు రాయాలి, కామా మీద ఆధారపడకూడదు.

మీరంతా వీలునామాలు రాయరు, నిజమే. (రాయాలి, అది వేరే ఉపన్యాసం.) కానీ ఆఫీసులో మెమోలు రాస్తారు. అపార్ట్‌మెంటు కమిటీ నోటీసులు రాస్తారు. మన సంఘం విరాళాల విజ్ఞప్తి ఒకటి మొన్న మన ఫోన్లలో అందరికీ వచ్చింది. అందులో మొదటి వాక్యం మన బడి బెల్లు కంటే పొడుగ్గా ఉందని కార్యదర్శిగారికి చెప్పాను, ఆయన నవ్వారు. డాక్టర్లు ఉన్నారు గనక వారికో మాట. మందు ఎలా వేసుకోవాలో మీరు తెలుగులో రాయించిన చీటీని ఆస్పత్రి ఆయా చేత ఒకసారి పైకి చదివించండి. ఆవిడ ఆగిన చోట రోగి కూడా ఆగుతాడు. పరామర్శ ఉత్తరం రాస్తే మాత్రం ఇంకొకరి చేత చదివించకండి, తలుపు వేసుకుని మీరే చదువుకోండి. సంతాపంలో అబద్ధం ఉంటే చెప్పేటప్పుడు మన నోటికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంకొకరు దొరకకపోతే ఎలా అంటారా? ఇప్పుడు ఫోనే తెలుగు చదివి పెడుతోంది. ఆ గొంతుకి భావం లేదు, రాగం లేదు, మీరు ఏమనుకుని రాశారో దానికి తెలియదు. మా మనవడు "అదేం చదువుడు తాతయ్యా, చచ్చినట్టుంది" అంటాడు. ఈ పనికి అదే కావాలి. అది మీ పక్షం వహించదు. కామా లేని చోట ఆగదు, మీరు నొక్కి చెప్పాలనుకున్న మాటను నొక్కదు. అలా చదివినా అర్థమవుతున్న వాక్యం ఎవరు చదివినా అర్థమవుతుంది.

మాస్టార్లకీ టీచరమ్మలకీ చెప్పేంతవాణ్ణి కాదు, ఒక మనవి చేస్తాను. వ్యాసం రాయించాక నోటు పుస్తకాలన్నీ మీ బల్ల మీదకి వస్తాయి, రాత్రి పది దాకా ఎర్ర ఇంకుతో కూర్చుంటారు. మా రోజుల్లోనూ అంతే. ఆ ఎర్ర గీతలు చూసి మేము మార్కులు లెక్కపెట్టుకున్నామే తప్ప వాక్యం మళ్ళీ చదవలేదు. పుస్తకాలు తీసుకునే ముందు పది నిమిషాలు ఆగండి. పక్కపక్క పిల్లలు పుస్తకాలు మార్చుకుని, ఒకరిది ఒకరు పైకి చదవాలి. రాసిన పిల్ల నోరు మూసుకుని వినాలి, "అది అలా కాదే" అని అందించకూడదు. అందించాలనిపించిన ప్రతిచోటా చుక్క పెట్టుకోవాలి. క్లాసులో గోల అవుతుంది, హెడ్మాస్టరుగారు కిటికీలోంచి తొంగి చూస్తారు, అయినా ఫరవాలేదు. మీ ఎర్ర ఇంకు తగ్గుతుందని నా నమ్మకం. చదవడం రాని పిల్లాడు పక్కవాడిది ఎలా చదువుతాడని అడగవచ్చు. తడబడుతూ చదువుతాడు. వాణ్ణి ఎవరూ నవ్వకుండా చూసే పని మీది. వాడి తడబాటు పక్కవాడికి పనికొచ్చిందని క్లాసులో ఒక్కసారి చెప్పి చూడండి.

ఆఖరుగా, ఈ స్వర్ణోత్సవ సంచిక ప్రూఫులు వచ్చే ఆదివారం వస్తాయని సంపాదకవర్గం వారు చెప్పారు. పొద్దున్న తొమ్మిది నుంచి లైబ్రరీ గదిలో నేను ఉంటాను. రెండు కుర్చీలు, ఒక బల్ల, పెన్సిళ్ళు ఏర్పాటు చేశాను. ఎవరి వ్యాసం వారు చదవకూడదన్నది ఒక్కటే షరతు. నా ప్రసంగం కూడా అచ్చు వేస్తామంటున్నారు. దాన్ని చదవడానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు పేర్లిచ్చారు. ఇంకో నలుగురు వస్తే పని త్వరగా అవుతుంది. టిఫిన్ సంఘం ఖర్చు.